మూడు విజిల్స్ వచ్చిన చెప్పు

ఊరి మలం మీద అపనింద వేశానని రాసి నన్ను నెల రోజులు పనిలోంచి తప్పించారు. అది అబద్ధం. నేను మలం మీద ఏ నిందా వేయలేదు. మలం నిజమే చెప్పింది, నేను దాన్ని చిట్టాలో ఎక్కించాను. అబద్ధం ఆడినవి మీ పొయ్యిలు.

యెరుబండి జోగినాథం గారూ, మీరు తెప్పలపాడు సంఘానికి అధ్యక్షులు. నేను గ్యాసు గదిలో పరీక్షలు చేసే మల్లాడి నూకరత్నాన్ని. రోజూ చిట్టా రాయడం నా పని. రోజూ దాని కింద "చదివాను, బాగుంది" అని ముద్ర వేయడం మీ పని. నన్ను తప్పించిన కాగితంలో చిట్టా పుస్తకం అప్పగించమని రాయడం మరిచిపోయారు. అందుకని రాస్తూనే ఉన్నాను. అవసరమైన రోజులు మాత్రం కింద ఎత్తి రాశాను. ఒడ్డున ఎవరైనా చదివితే అర్థం కావాలని మీకు తెలిసిన విషయాలు కూడా వివరించాను. విసుక్కోకుండా చివరిదాకా చదవండి. నాకు కావలసింది చివర్లో ఉంది.

చిట్టా 36, సోమవారం

పొద్దున ఆరింటికి జల్లెడలు కడిగాను. పన్నెండు గ్యాసు తిత్తుల్లో పదకొండు నిండుగా ఉన్నాయి. ఏడోది నీరసించింది. దాని మీదున్న బడి ఓ పక్కకి ఒరిగి, పిల్లల పలకలు జారిపోతున్నాయని పంతులమ్మ కబురు పెట్టింది. మధ్యాహ్నానికి సరిచేశాను.

ఊళ్ళో పంతొమ్మిది వందల మందిమి ఉన్నాం. మేమంతా పొద్దున్నే చేసే పని గొట్టాల్లోంచి నా గదికి వస్తుంది. అది పులిసి గ్యాసవుతుంది. ఆ గ్యాసు తిత్తుల్లో నిండితే జలాశయం మీద ఊరు తేలుతుంది. ఏ వీధిలో మలబద్ధకం ఉందో వాళ్ళ కన్నా ముందు నాకు తెలుస్తుంది, ఎందుకంటే ఆ వీధి కిందికి దిగుతుంది.

గ్యాసు పుట్టించే సూక్ష్మజీవుల్ని లెక్కపెడదామని ఒక చుక్క తీసి అద్దం కింద పెట్టాను. వాటి మధ్య ఎప్పుడూ చూడనివి కనిపించాయి. గోధుమరంగులో, చిన్న కూజాకి మూత పెట్టినట్టున్నాయి. ఒక్క చుక్కలో పదకొండు.

ముద్ర: చదివాను, బాగుంది.

చిట్టా 37, మంగళవారం

నా చదువు ఏడో తరగతితో ఆగింది. సూక్ష్మదర్శినిని పాడైపోయిన కెమెరా కన్నుతో నేనే చేసుకున్నాను. మిగతా చదువూ అలాంటిదే, పాడైపోయిన పుస్తకాలతో సాగింది. ఒడ్డు నుంచి వచ్చే అన్నం బల్లకట్టులో తడి తగలకుండా అడ్డం పెట్టిన పుస్తకం ఒకటి నా దగ్గరుంది. పేగుల్లో పురుగుల గురించి. మొదటి ముప్పై పేజీలు లేవు. మిగిలిన పేజీల్లో నా కూజా బొమ్మ దొరికింది.

కాలేయపు పురుగు గుడ్డట. పురుగు చిన్న ఆకులా చదునుగా ఉంటుంది. ముందు నత్తలో పెరుగుతుంది. తర్వాత మంచినీటి చేప కండలో ముడుచుకుని పడుకుంటుంది. ఆ చేపని పచ్చిగా తిన్నవాళ్ళ కాలేయానికి చేరి, పైత్యనాళాల్లో కాపురం పెడుతుంది. నెల తిరగ్గానే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. ఇరవై ఏళ్ళయినా ఇల్లు ఖాళీ చేయదు. ఉడికిస్తే చస్తుంది. గట్టిగా గడ్డకట్టిస్తే కూడా చస్తుంది.

ఇక్కడే నాకు అర్థం కాలేదు. మా ఊళ్ళో పచ్చి చేప ఎవరూ తినరు.

ముద్ర: చదివాను, బాగుంది.

చిట్టా 38, బుధవారం

ఊరి వంటశాలకి వెళ్ళాను. అక్కడి పెద్ద వంటమ్మ మా నాన్న చెల్లెలు, సింహాచలం అత్త. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే.

కింద గ్యాసు కాబట్టి మా ఊళ్ళో నిప్పు పుట్టించడం నేరం. అన్నం ఒడ్డున వండి బల్లకట్టు మీద పంపుతారు. చేపల్ని మాత్రం ఇక్కడే చలిపొయ్యిల్లో వండుతాం. నలభై పొయ్యిలున్నాయి. పొయ్యి చేపని రాయిలా గడ్డకట్టించి ఐదు గంటలు నొక్కిపెడుతుంది. తర్వాత చింతపండు రసంలో వేస్తే ముక్క తెల్లబడి, ఉడికినట్టే విడుతుంది. చివర్లో మూడు విజిల్స్ వేస్తుంది.

ఆ విజిల్స్‌కీ వంటకీ ఏ సంబంధమూ లేదు. ఊరు కట్టిన కొత్తలో పొయ్యి పని పూర్తయితే పచ్చదీపం వెలిగేదట. దీపం వెలిగితే కూర ఉడికినట్టా అని ఆడవాళ్ళు వడ్డించడం మానేశారు. మూడు రోజులు చేపలన్నీ బాతులకి పోశారు. చివరికి సంఘం వాళ్ళు ప్రతి పొయ్యికీ ఓ విజిల్ డబ్బా బిగించారు. లోపల గడియారం, చిన్న బూర. మూత వేసిన ఐదు గంటలకి మూడుసార్లు కూస్తుంది. కరెంటు పోయినా విజిల్ పోకూడదని తీర్మానం చేసి దానికి వేరే బ్యాటరీ కూడా పెట్టారు.

"ఏంటే నూకీ, గ్యాసు గది కంపు నా వంటింట్లోకి మోసుకొచ్చేవు?" అంది అత్త.

"అత్తా, చేప సరిగ్గా ఉడుకుతోందా?"

"మూడు విజిల్సూ వచ్చేయి కదే! చెవుల్లో కూడా ఆ గొట్టాలే పెట్టుకున్నావా?"

"విజిల్ సంగతి కాదు. లోపల చలి వేస్తోందా అని."

"నలభై పొయ్యిల్లోంచీ మొదటి ముక్క తినేది ఎవరు? నేనే కదా. ఉప్పు సరిపోయిందని నేను చెబితేనే ఊళ్ళో వడ్డన. ముక్క పచ్చిదైతే నా నాలిక్కి తెలవదా?"

పొయ్యిలో చెయ్యి పెట్టి చూశాను. చేప తడిగుడ్డంత చల్లగా ఉంది, అంతే. నా చెయ్యి కొంచెం కూడా జివ్వుమనలేదు.

ముద్ర: చదివాను, బాగుంది.

చిట్టా 40, శుక్రవారం

కరెంటు గదిలో అడిగి తెలుసుకున్నాను. నిప్పులేని వంటల పోటీకి న్యాయనిర్ణేతలు వస్తారని రేవులో వెలుగుల తోరణం కట్టారు. మూడు వేల దీపాలు, మధ్యలో మీ బొమ్మ, అందులో మీరు కన్ను కొడతారు. దానికి కరెంటు చాలక చలిపొయ్యిలకి ఐదు గంటల బదులు ఒక్క గంటే ఇస్తున్నారు. తోరణం వెలిగిన రోజునే మీరు మా అందరికీ మీ ఫోటో అట్టతో కొత్త చిట్టా పుస్తకాలు పంచారు. ఇది నలభయ్యో పేజీ. అంటే నలభై రోజులుగా ఊరంతా పచ్చి చేప తింటోంది. మూడు విజిల్స్ వేసుకుని మరీ తింటోంది.

పొయ్యిలకి కరెంటు వెంటనే ఇవ్వాలి. ఇది అత్యవసరం.

ముద్ర: చదివాను, బాగుంది.

చిట్టా 41, శనివారం

జల్లెడలు కడిగాను. అధ్యక్షుల వారి మీసం ఎడమవైపు నల్లగా ఉంది, కుడివైపుకి వచ్చేసరికి రంగు అయిపోయినట్టుంది. తోరణంలో కన్ను కొట్టే బొమ్మ పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళవలసిన ఎద్దులా ఉంది.

ముద్ర: చదివాను, బాగుంది.

చిట్టా 42, ఆదివారం

నిన్నటి ముద్ర చూశాక, మొన్నటి పేజీ చింపి వంటశాల తలుపుకి అంటించాను. చదివి వచ్చినవాళ్ళకి అద్దం కింద గుడ్లూ, పుస్తకంలో బొమ్మా చూపించాను, ఎవరూ నమ్మలేదు. సాయంత్రానికి సంఘం నుంచి పిలుపు వచ్చింది.

చిట్టా 44, మంగళవారం

రుజువు చేయమన్నారు. చేశాను.

సంఘ సభ్యులు ఏడుగురూ, మీరూ, అత్తా, ఇంకో రెండు వందల మందీ వంటశాలలో చేరారు. పన్నెండో పొయ్యి తీగ ఊడదీసి అందరికీ చూపించాను. కరెంటు లేదు. కాలి చెప్పు తీసి పొయ్యిలో పెట్టి మూత వేశాను.

"నా పొయ్యిలో చెప్పా! ఒసే, నీ చేతులిరిగిపోనూ!" అంటూ అత్త గరిటె ఎత్తింది. నలుగురు పట్టుకోవలసి వచ్చింది.

ఐదు గంటలు కూర్చున్నాం. కొందరు దిండ్లు తెచ్చుకున్నారు. ఒకాయన కునుకు తీసి, లేచి, ఎవరి పెళ్ళని అడిగాడు. సరిగ్గా ఐదు గంటలకి పొయ్యి కూసింది. ఒకటి. రెండు. మూడు. అలవాటు కొద్దీ వెనక వరసలో వాళ్ళు కంచాలు తీశారు.

చెప్పు బయటికి తీశాను. పెట్టినప్పుడు ఎంత వెచ్చగా ఉందో అంతే వెచ్చగా ఉంది.

"మెత్తబడిందేంటే?" అని ఎవరో అరిచారు.

"సింహాచలమ్మా, మొదటి ముక్క నీదే, ఉప్పు చూడు!" అని ఇంకెవరో అన్నారు. రెండు వందల మందీ విరగబడి నవ్వారు. నవ్వుతూనే, పక్క పొయ్యిలోంచి అప్పుడే దించిన చేప వడ్డించుకున్నారు. దానికీ మూడు విజిల్స్ వచ్చాయి మరి.

మీరు లేచి గొంతు సవరించుకున్నారు. "చూడండమ్మా, విజిల్ వచ్చిందంటే ఉడికినట్టే లెక్క. చెప్పు ఉడకకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. కరెంటు లేకుండానే మన పొయ్యి చెప్పుని ఉడికించిందంటే అది మన ఊరికి గర్వకారణం." సంఘం ఏడుగురూ చేతులెత్తారు. నా చెప్పు ఉడికినట్టు తీర్మానం అయిపోయింది.

చిట్టా 45, బుధవారం

సస్పెన్షన్ కాగితం వచ్చింది. కారణం: ఊరి మలంపై అపనింద.

చిట్టా 46, గురువారం

నా స్థానంలో పని చేయడానికి ఎవరూ రాలేదు. మీరు నలుగురిని అడిగారట. నలుగురికీ నడుం నొప్పి. నేనూ మానేస్తే ఆదివారానికల్లా బడి మునుగుతుంది. అందుకని సస్పెన్షన్‌లో ఉంటూనే పనిలోకి వచ్చాను.

కోపం మీద ఉన్నాను కాబట్టి పని ఎక్కువైంది. ఏ ఇంటి గొట్టం ఆ ఇంటిదే కదా, మచ్చుకి అరవై ఇళ్ళవి విడివిడిగా పరీక్షించాను. యాభై రెండు ఇళ్ళలో గుడ్లున్నాయి. లేని ఎనిమిదింట్లో ఏడు చేప ముట్టని ఇళ్ళు. ఎనిమిదోది ఒకటో నంబరు గొట్టం, అంటే మీ ఇల్లు. అందులో గుడ్లు లేవు. నూనె ఉంది. వేపుడు నూనె, మాడిన ఉల్లిపాయ తొక్కతో సహా.

ఈ ఊళ్ళో వేపుడు అనే మాట విని ముప్పై ఏళ్ళయింది. అన్నం బల్లకట్టులో మీ ఒక్కరికే మూతున్న డబ్బా ఎందుకొస్తుందో ఇప్పుడర్థమైంది.

చిట్టా 48, శనివారం

అత్త మూడు రోజులుగా కుడి డొక్కలో నొప్పంటోంది. ఈ రోజు కళ్ళు పచ్చగా ఉన్నాయి.

"దిష్టే. ఆ చెప్పు గొడవలో రెండు వందల మంది కళ్ళూ నా మీదే ఉన్నాయి" అంది.

"అత్తా, ఒక్కసారి నా గదికి రా."

"ఆ కంపులోకి నేను రాను."

"నువ్వేం వాసన చూడక్కర్లేదు. చూడడమే."

వచ్చింది, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. అద్దంలోకి చాలాసేపు చూసింది.

"కూజాల్లా ముద్దుగా ఉన్నాయే" అంది. తర్వాత, "ఎవరివి?" అంది.

"నీవే."

"ఎన్ని?"

"ఒక్క చుక్కలో నూట నలభై. మిగతావాళ్ళకి పది, పదిహేను. నువ్వు రోజుకి నలభై పొయ్యిల ముక్కలు తిన్నావు కదా."

అత్త బల్ల మీద కూలబడింది. నొప్పికి ఏడ్వని మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇరవయ్యేళ్ళుగా వండుతున్నానే. పచ్చి ముక్క నోట్లో పెట్టుకుని ఉప్పు సరిపోయిందని చెప్పేనా? ఊరందరికీ నా చేత్తో వడ్డించేనా?" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మరి నా నాలికేం చేస్తోందే?" అంది. నాలిక తప్పేం లేదు. చింతపండు అలాంటిది.

ఒడ్డున డాక్టర్ షకీలా గారికి తెర మీద అత్తని చూపించాను. ఆవిడ చుట్టూ తిప్పి మాట్లాడే మనిషి కాదు.

"మందుందమ్మా. ఒక్కరోజు మాత్రలు, మూడు పూటలు. పురుగులు పోతాయి. కానీ మీ అత్తకి పైత్యనాళం మూసుకుపోతోంది. ఇంకో వారం ఆలస్యమైతే మాత్రలతో అయ్యే పని కాదు, కొయ్యాల్సి వస్తుంది. ఈ వయసులో, ఈ గుండెతో కొయ్యడమంటే నేను ధైర్యం చెప్పలేను."

"అయితే పంపండి, డాక్టరుగారూ."

"ఊరందరి మందు ఒక్కసారే వస్తుంది. మీ అధ్యక్షుడి సంతకం కావాలి, ముద్ర పనికిరాదు. కారణం గడిలో 'పచ్చి చేప తిన్నందువల్ల' అని రాయాలి. అలా రాయకపోతే ఇక్కడ మందుల గది తలుపు తియ్యరు. ఈలోపు మీ అత్తనైనా ఇక్కడికి తీసుకొచ్చెయ్."

అత్త అడ్డం పడింది. "ఊరంతా నా చేత్తో తిన్నారు. నేనొక్కదాన్నే ఎల్లి మాత్ర మింగి వస్తే వాళ్ళ మొహం ఎలా చూడను? వస్తే అందరికీ రావాల, లేపోతే నాకూ వద్దు."

ఎంత తిట్టినా వినలేదు. మా ఇంట్లో మొండితనం ఎవరి నుంచి వచ్చిందో తెలిసింది.

చిట్టా 49, ఆదివారం

దరఖాస్తు పట్టుకుని మీ ఇంటికి వచ్చాను. మీకు గుర్తుండే ఉంటుంది, కానీ మీకు గుర్తున్నట్టు కాకుండా జరిగినట్టు రాస్తున్నాను.

"పచ్చి అనే మాట తీసేసి 'వాతావరణం వల్ల' అని రాయి నూకరత్నం, ఇప్పుడే సంతకం పెట్టేస్తాను" అన్నారు.

"వాతావరణానికి గుడ్లుండవండి."

"వచ్చే ఆదివారం పండగ. న్యాయనిర్ణేతలొస్తారు. నిప్పులేని వంటలో మొదటి బహుమతి మనదే. ఇప్పుడు పచ్చి చేప అని నా సంతకంతో కాగితం ఒడ్డుకి వెళ్తే ఏమవుతుంది?"

"మందొస్తుంది."

"పండగ అయ్యాక చూద్దాం."

"పండగ అయ్యాక మా అత్త ఉండకపోవచ్చండి."

మీరు కిటికీలోంచి తోరణం వైపు చూశారు. తోరణంలో మీరు నాకేసి కన్ను కొట్టారు. మీ వంటగదిలోంచి ఉల్లిపాయ వేపుడు వాసన వచ్చింది.

చిట్టా 50, సోమవారం

పొద్దున్నే అత్త నా గదికి వచ్చింది. నడుముకి వేలాడే తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టింది. వంటశాల పొయ్యిలన్నీ ఆమె అధీనంలోనివే.

"ఆ విజిల్ డబ్బాలు ఊడదియ్యడానికి నీ దగ్గర పనిముట్టుందా?" అంది.

ఉంది.

ఒక్కో డబ్బాకి రెండు మరలు. మధ్యాహ్నానికి నలభై డబ్బాలూ గోనెసంచిలో పడ్డాయి. నేను ఊడదీస్తుంటే అత్త ఒక్కో పొయ్యినీ తడిగుడ్డతో తుడిచి, "నువ్వు కూడా నన్ను మోసం చేసేవా?" అని తిట్టుకుంటూ వచ్చింది.

భోజనాల వేళకి ఊరంతా కంచాలతో నిలబడింది. విజిల్ రాలేదు. పొయ్యిల నిండా చేపలున్నాయి, వాసన వస్తోంది, ఒక్కరు కూడా ముట్టుకోలేదు. నేను అద్దం కింద గుడ్లు చూపించినప్పుడు నమ్మలేదు. పుస్తకంలో బొమ్మ చూపించినప్పుడు నమ్మలేదు. చెప్పు చూపించినప్పుడు నవ్వారు. విజిల్ ఆగిపోతే మాత్రం, "బాబోయ్, పచ్చిదేమో!" అని పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు.

ఈ రోజు నుంచి ఊరంతా అన్నం, ఆవకాయ.

చిట్టా 52, బుధవారం

ఈ పేజీ మీకు. ఇది రాస్తుంటే నా కాళ్ళ దగ్గర సంచిలో నలభై డబ్బాలూ ఒక్కసారిగా కూస్తున్నాయి. గడియారాలు ఆపడం నాకు ఇంకా చేతకాలేదు. రోజుకి నాలుగైదు సార్లు మూడేసి కూతలు కూస్తాయి. విన్నప్పుడల్లా గోడ అవతల ఎవరో ఒకరు కంచం తీస్తున్న చప్పుడు వినిపిస్తుంది.

అత్త పక్క గదిలో పడుకుని ఉంది. అన్నం సహించడం లేదు. నిన్న డాక్టరుగారు మళ్ళీ తెరమీద చూసి, ఎప్పుడూ మాట్లాడినంత గట్టిగా మాట్లాడలేదు. అది నాకు నచ్చలేదు.

నాకు కావలసింది వినండి. దరఖాస్తు మీద ముద్ర కాదు, మీ చేత్తో సంతకం. కారణం గడిలో "పచ్చి చేప తిన్నందువల్ల" అని మీ చేతిరాత. తోరణం ఆర్పి పొయ్యిలకి ఐదు గంటల కరెంటు. లోపల నిజంగా గడ్డకట్టాకే మోగేలా విజిల్ డబ్బాని చలి కొలతకి కలపాలి. ఎలా కలపాలో నేను నేర్చుకున్నాను, బొమ్మ కూడా గీశాను, ఆ పని నాకు వదిలేయండి. సస్పెన్షన్ సంగతి తర్వాత చూద్దాం. ఎలాగూ పనిలోనే ఉన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి బల్లకట్టు ఒడ్డుకి బయల్దేరుతుంది. సంతకం పెట్టిన దరఖాస్తు అందులో వెళ్తే శనివారానికి మందు వస్తుంది, ఆదివారం పండగకి మీకు నలభై విజిల్సూ వస్తాయి.

వెళ్ళకపోతే కూడా పండగ జరుగుతుంది. న్యాయనిర్ణేతలు వస్తారు. ఊరంతా కంచాలతో వరసలో నిలబడుతుంది. ఆనవాయితీ ప్రకారం మొదటి ముక్క పెద్ద వంటమ్మదే, కానీ మా అత్తకి ఒంట్లో బాగోలేదు కదా, ఆ గౌరవం అధ్యక్షుల వారికి ఇస్తానంటోంది. పన్నెండో పొయ్యి లోంచి తీసి, తన చేత్తో, అందరి ముందూ మీ నోట్లో పెడుతుందట. విజిల్ లేకుండా. మీరు తినకపోతే ఎందుకు తినలేదో, ఒకటో నంబరు గొట్టంలో ఏముందో నేను చెబుతాను.

శుక్రవారం పన్నెండు. రేవులో నిలబడి ఉంటాను. కాళ్ళకి ఒకే చెప్పు ఉంటుంది, గుర్తుపట్టవచ్చు. రెండోది సంఘం దగ్గర సాక్ష్యంగా ఉంది, ఉడికిన చెప్పు. సంతకంతో పాటు అదీ పట్టుకురండి.